నీళ్ళు చూపించవయ్యా!

“నీళ్ళు చూపించవయ్యా అంటే మొహాలు చూపిస్తావేంటి!” న్యూస్ ఎడిటర్ ఒంటికాలి మీద లేచాడు.

వరదలో చిక్కుకున్న ఊరి నుంచి లైవ్ ఇస్తున్నవాడు విలేకరి కాదు. ఛానల్ విలేకరి తెగిన రోడ్డుకి ఇవతలే ఆగిపోతే, ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసుకునే ఈ మనిషి “నేను చూపిస్తాను సార్” అంటూ తనంతట తానే ముందుకొచ్చాడు. సొంత ఫోన్ వరదలో పోయింది. చేతిలో ఉన్నది టీ కొట్టాయన ఫోన్. అతని మాట ఎడిటర్ చెవి దాకానే వస్తుంది. ప్రసారంలో వినిపించేది యాంకర్ గొంతు. కింద మాత్రం ‘ఓ పౌరుడు పంపుతున్న దృశ్యాలు’ అని వేశారు. పేరు అడిగే తీరిక ఎవరికుంది గనక!

ఇప్పుడతను సహాయ శిబిరంలో గోడవారన కూర్చున్నవాళ్ళని, పెళ్ళికొచ్చిన చుట్టాలని తీసినట్టు, ఒక్కొక్కరినీ తాపీగా చూపిస్తున్నాడు.

“అవతలి ఛానల్‌వాడు కూలిన వంతెన చూపిస్తున్నాడు. మనం గుడ్లప్పగించి ఈ మొహాలు చూడాలా?”

“అలవాటు సార్. పెళ్ళిలో ఒక్క చుట్టం మొహం తప్పినా మా ప్రాణం తీస్తారు.” కెమెరా ఇంకో మొహం మీదికి జరిగింది. “నీళ్ళు ఎటు చూసినా ఉన్నాయి సార్. మనుషులే కనపడటం లేదు. మా ఆవిడ కూడా. నేను పెళ్ళి పని మీద పక్క ఊరెళ్ళి వచ్చేసరికి మా వీధి లేదు.”

కట్ చేద్దామా అన్నట్టు చూసిన టెక్నీషియన్‌ని ఎడిటర్ చెయ్యెత్తి ఆపాడు.

అంతలో రిసెప్షన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. “సార్! ఎవరో ఒకావిడ ఫోన్ చేసింది, ఆ ఆకుపచ్చ దుప్పటి తాతగారు వాళ్ళ నాన్నట! ఆవిడ ఫోన్‌లో ఒకటే ఏడుపు, ఒకటే నవ్వు!”

ఆ తర్వాత ఫోన్లకి ఊపిరాడలేదు. మా అత్తయ్య అని ఒకరు, మా చంటిది అని ఒకరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎడిటర్ వార్తలు చెప్పాడు గానీ, తప్పిపోయిన మనిషిని ఇంటికి చేర్చింది లేదు. మొహం ఎలా ఉంటుందో తెలియని ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

“ఇంకో శిబిరానికి వెళ్ళగలవా తమ్ముడూ?” అన్నాడు. పొద్దున్నించీ ‘ఏవయ్యా’ అన్న నోరే.

వెళ్ళాడు. మోకాటి లోతు నీళ్ళలో నడుచుకుంటూ ఊళ్ళో ఉన్న శిబిరాలన్నీ తిరిగాడు. సాయంత్రానికి ఆఖరి శిబిరంలో ఆఖరి మొహం కూడా దాటిపోయింది. తెర మీద తడినేల ఒక్కటే మిగిలింది.

“అయిపోయాయి సార్. ఇక్కడా లేదు.” అన్నాడు. “ఫోన్ టీ కొట్టాయనకి ఇచ్చేస్తాను.”

ఎడిటర్ ఏదో అనబోతుండగా రిసెప్షన్ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి నడిచే వచ్చింది.

“సార్, ఏటి అవతలి ఆసుపత్రి నుంచి ఒకావిడ. నిన్న పడవలో అక్కడ చేర్చారట. పొద్దున్నించీ మన టీవీ ముందే కూర్చుందట. ఒక్క మొహం కూడా వదలకుండా చూసిందట, వాళ్ళాయన ఎక్కడా లేడట. ఇక ఆశ వదులుకోమంటారా అని ఏడుస్తోంది.”

“ఆయన ఏం పని చేస్తాడో అడిగావా?”

“అడిగాను సార్. పెళ్ళి వీడియోలు...” ఆ అమ్మాయి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

ఎడిటర్ మైకు మీద పడ్డాడు.

“ఫోన్ పెట్టెయ్యకు తమ్ముడూ! నీళ్ళూ వద్దు, ఇంకెవరూ వద్దు. ఒక్కసారి కెమెరా నీ మొహం మీదికి తిప్పు!”