బొటనవేలి హాజరు

"వేలెత్తుతాడు గానీ పని పంపడేంటి వీడు!" లీడరు బల్ల మీద ఫట్టున చరిచాడు. చల్లారిపోయిన కాఫీ తొణికి కీబోర్డు పక్కన ఒలికింది.

మధ్యాహ్నానికల్లా ప్రాజెక్టు కస్టమరు చేతిలో పెట్టాలి. పెట్టకపోతే టీముతో పాటు తన కుర్చీ కూడా ఎగిరిపోతుందని పైవాళ్లు తెగేసి చెప్పారు. అందరి భాగాలూ వచ్చేశాయి, ఒక్క గడియారం భాగం తప్ప. రోజూ అందరికన్నా ముందు హాజరు వేసుకుంటాడని అతనికి ఆ పేరు పెట్టింది లీడరే. మనిషిని మాత్రం ఎన్నడూ చూసింది లేదు. ఆ మాటకొస్తే టీములో ఎవరినీ చూసింది లేదు. తలా ఒక ఊళ్లో, ఎవరి గదిలో వాళ్లు, ఎవరి కంప్యూటరు ముందు వాళ్లు. కెమెరాలు కట్టేసి పని చేసుకోమన్నదీ లీడరే. "మొహాలు చూసుకుంటూ కూర్చుంటే పనులు తెమలవు" అనేవాడు.

వాళ్లకు ఒకటే నియమం. గ్రూపులో లీడరు మాట పడగానే దాని కింద బొటనవేలి గుర్తు పెట్టాలి. చూశాను, ఉన్నాను, చేస్తాను... అన్నీ అందులోనే. ఆలస్యమైతే ఆ పూట రానట్టే లెక్క. కంటికి కనపడని టీమును వేలి మీద నడిపిస్తున్నానని మిగతా లీడర్లకు పాఠాలు కూడా చెప్పాడు మహానుభావుడు.

"గడియారం, ఇవాళైనా ఇస్తావా?" అని పొద్దున్నే రాశాడు. రెప్పపాటులో వేలు లేచింది. నిన్నా అంతే, మొన్నా అంతే. "నాతో ఆటలాడుతున్నావా?" అని రాస్తే దానికీ వేలే! లీడరుకు ఒళ్లు మండిపోయింది. నాలుగు దులిపేసి టీములోంచి పీకేద్దామని మొట్టమొదటిసారి అతని నంబరుకు ఫోన్ చేశాడు.

ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"మీ ఆయనకివ్వమ్మా. ఆఫీసు నుంచి, లీడర్ని."

"ఆయన లేరండీ."

"పని వేళప్పుడు ఎక్కడికెళ్లాడమ్మా?"

"పోయారండీ. పోయిన వారమే. ఛాతీలో నొప్పన్నారు, కంప్యూటరు ముందు కుర్చీలోనే..."

"అదేంటమ్మా! పొద్దున కూడా నాకు వేలు పెట్టాడే!"

"అది కంప్యూటరే పెడుతోందండీ. మీ మాట పడగానే దానంతటదే వెళ్లేలా ఏదో చేసి పెట్టుకున్నారు. అన్నం తింటుంటే మీ మెసేజీ మోగేది, ఎంగిలి చేత్తో పరిగెత్తేవారు. ఆ బాధ పడలేక పెట్టుకున్నారు." ఆమె ముక్కు చీదుకుంది. "ఆపేయడానికి నాకు మనసొప్పలేదు సార్. అది లేచినప్పుడల్లా మనిషి గదిలోనే ఉన్నట్టుంటుంది."

"మాకు చెప్పలేదేంటమ్మా?"

"రాద్దామని కూర్చున్నాను, చేతులు రాలేదు. ఒంట్లో బాగోలేదని ఆయన ఆరోజు మీకు రాశారు సార్. మీరూ వేలే పెట్టారు."

లీడరు ఎంత తన్నుకున్నా అది గుర్తుకు రాలేదు. ఏ పనిలో ఉండి పెట్టాడో ఏమో. కోపమంతా ఎటు పోయిందో, సిగ్గుతో చచ్చిపోయాడు. వారంగా తాను తిట్టిపోస్తున్నది పోయిన మనిషినా?

"నన్నేం చేయమంటావో చెప్పమ్మా. ఏదైనా సరే, చేస్తాను."

"ఒక్కటే అడుగుతాను సార్. మా పాప రెండో తరగతి. నాన్నకు ఫ్రెండ్సే లేరా, ఎవరూ రాలేదేంటి అని ఒకటే ఏడుపు. ఆయనేమో మా టీము, మావాళ్లు అని తెగ చెప్పుకునేవారు. మా లీడరు నన్ను గడియారం అంటాడని మురిసిపోయేవారు. ఆ గ్రూపు ఇక్కడ తెరిచే ఉంది. తలా ఒక్క మాట రాస్తే పాప చదువుకుంటుంది. నాన్నకూ మనుషులున్నారని దానికి తెలిస్తే చాలు."

"అదెంత పనమ్మా! మావాళ్లు బంగారం. పాపను కూర్చోబెట్టు."

లీడరు కళ్లు తుడుచుకుని గ్రూపులో రాశాడు. "మన గడియారం ఇక లేడు. పోయిన వారం గుండెనొప్పితో చనిపోయాడు. వాళ్ల పాప ఇప్పుడు ఈ గ్రూపు చూస్తోంది. పనులన్నీ పక్కన పడేసి, వాళ్ల నాన్న గురించి తలా ఒక్క మంచి మాట రాయండి."

పంపాడు.

రెప్పపాటులో వేలు లేచింది. ఒకటి కాదు, టీము మొత్తం వేళ్లూ ఒక్కసారే లేచాయి. అందులో గడియారం వేలు కూడా ఉంది.

లీడరు ఎదురుచూశాడు. ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. "ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. మళ్లీ వేళ్లన్నీ టక్కున లేచాయి. కంగారులో తప్పులతడకగా కొట్టాడు. "మీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్క మాట రాయండ్రా!"

వేళ్లన్నీ లేచాయి.

అప్పుడు గడియారం పేరు పక్కన, ఎవరో రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి. అక్షరం అక్షరం వెతుక్కుంటున్నట్టు చాలాసేపు కదిలాయి. చివరికి ఒక మాట పడింది.

"అంకుల్, వీళ్లందరూ కూడా చచ్చిపోయారా?"