ఐదో అంకం

సుందరరాజ్ తిరుత్తణి చేరేసరికి ఆలస్యమైంది. ఆడి నెల జాతర రద్దీలో కారు కొండ కింద ఇరుక్కుపోయింది. కొండ మీది గుడికి కావడులు మోసుకొచ్చేవాళ్ళు తనకు దారి ఇవ్వలేదని కోపంగా ఉన్నాడు. స్కూలు గేటుకు తన ఫొటోతో కట్టిన ఫ్లెక్స్ చూశాక ఆ కోపం కాస్త దిగింది.

తిరువళ్ళూరులో ఆయనకో లోకల్ చానెల్ ఉంది. అందులో వార్త చదివేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే.

ఆయన్ని పిలిచింది తెలుగు టీచరు దేవసేన. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి పిల్లలకు పాతకాలపు పద్యనాటకం ఒకటి పాఠంగా ఉంది. అది వాళ్ళ గొంతు దిగడం లేదు. సగంమంది తెలుగు పద్యాల్ని తమిళ అక్షరాల్లో రాసుకుని చదువుతున్నారు. ఆ నాటకాన్నే ఈనాటి టీవీ చర్చగా మార్చి ఆడిస్తే బుర్రకెక్కుతుందని ఆమె ఆశ. "మీడియా అంటే ఏమిటో పిల్లలకు మీకంటే బాగా ఎవరు చెప్తారు సార్," అని ఫోన్లో అడిగింది. సుందరరాజ్‌కూ అలాగే అనిపించింది.

"మిమ్మల్ని యాడో చూసినట్టుండాదే మేడం," అన్నాడు లోపలికి వస్తూ.

"తిరుత్తణి చిన్న ఊరు కదా సార్," అంది దేవసేన.

నాటకం కథ చిన్నదే. అంతఃపురంలో వీణ నేర్పే గురువమ్మ కోట రహస్యాలు శత్రువుకు చేరవేసిందని వేగులవాడు రాజుకు చెప్తాడు. రాజు ఆమెను నిండు కొలువులో కూర్చోబెట్టి నిందిస్తాడు. నోరు తెరవనివ్వడు. రాజ్యం నుంచి వెళ్ళగొడతాడు. ఐదో అంకంలో నిజం తెలిసి, అడవులన్నీ వెతికి, ఆమె కాళ్ళ మీద పడతాడు.

పిల్లలు రాజును యాంకర్ని చేశారు. వేగులవాణ్ణి వాట్సాప్ ఫార్వర్డ్ చేశారు. రాజు ఏమన్నా తలూపే వందిమాగధుల్ని చర్చకొచ్చిన నిపుణుల్ని చేశారు.

ఆ సాయంత్రమే తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. రిహార్సల్ మొదలైంది. యాంకర్ వేషం యశస్వినిది. "గురువమ్మా, ఈ నిందకు మీ జవాబు ఏమిటి?" అని మర్యాదగా అడిగింది.

సుందరరాజ్ చెయ్యెత్తి ఆపాడు.

"ఏం పాపా, జవాబు కోసం అడిగినట్టే అడుగుతుండావే? ఆమె జవాబు చెప్పేస్తే ప్రోగ్రాం అయిపోతాది. అడగాల, చెప్పనీకూడదు."

"మరి ఆమె తప్పు చేసిందో లేదో ఎట్లా తెలుస్తాది సార్?"

"అది మన పని కాదు. జనం చానెల్ మార్చకుండా చూస్తుండారా, అదీ మన పని."

పిల్లలు ఆ మాట రాసుకున్నారు.

"ఐదో అంకం ఏం చేద్దాం సార్?" అని అడిగింది దేవసేన. "రాజు పోయి క్షమాపణ అడుగుతాడు కదా. టీవీలో దాన్ని ఎట్లా చూపిస్తారు?"

"తీసేయండి మేడం."

"మొత్తమా?"

"మొత్తం. మర్నాడు వేరే వార్త వస్తాది. వెనక్కి తిరిగి అడవుల్లో వెతికే తీరిక ఎవరికుండాది? ఆ రాజుకు పనిలేక పోయినాడు."

పిల్లలు నవ్వారు. "సరే సార్, తీసేద్దాం," అంది దేవసేన.

యశస్విని గొంతు చాలడం లేదని చివరికి మైకు ఆయనే తీసుకున్నాడు. గురువమ్మ వేషం వేసిన రమ్యశ్రీ ఆయన మొదటి కేకకే ఏడ్చేసింది. ఎంత బుజ్జగించినా మళ్ళీ స్టేజీ ఎక్కనంది. అప్పటికే హాలంతా తల్లిదండ్రులతో నిండిపోయింది. సుందరరాజ్ తెచ్చుకున్న కెమెరామన్ చానెల్లో లైవ్ మొదలుపెట్టేశాడు.

"ఆ కుర్చీలో నేను కూర్చుంటాను సార్," అంది దేవసేన. "ఎట్లాగూ ఆమెకు మాటలు లేవు కదా."

తెర లేచింది. సుందరరాజ్ ఆమె చుట్టూ తిరుగుతూ విజృంభించాడు.

"విద్య నేర్పే చేతులేనా ఇవి? చూడండి, తల ఎత్తదు. తప్పు చేయనిది తల ఎందుకు దించుతాది?"

దేవసేన తల ఎత్తింది.

"చూడండి, ఎంత పొగరుగా చూస్తుండాదో."

ఆమె నోరు తెరవబోయింది.

"ఉండమ్మా, నేను మాట్లాడతాండాను కదా."

హాలు గొల్లుమంది. దేవసేన చేతులు ఒళ్ళో వణికాయి. "టీచరమ్మ ఎంత బాగా చేస్తుండాదో," అని వెనక వరసలో ఎవరో మెచ్చుకున్నారు. చప్పట్ల మధ్య గురువమ్మకు దేశబహిష్కారం పడింది.

తర్వాత సుందరరాజ్ శాలువా కప్పించుకున్నాడు. నిజం వైపు నిలబడేదే మీడియా అని పిల్లలకు చెప్పాడు. పిల్లలు ఆ మాట కూడా రాసుకున్నారు. ఆయనకు ఉత్సాహం ఆగలేదు. దేవసేనను పక్కకు పిలిచి, కెమెరా వైపు తిప్పి నిలబెట్టాడు.

"మేడం, ఉన్నమాట చెప్తాను. ఆ చూపు, ఆ వణుకు నేర్పితే వచ్చేవి కావు. ఈ వేషం ఇంతకుముందు యాడన్నా వేసినారా?" అంటూ మైకు ఆమె చేతికిచ్చాడు.

"మీ చానెల్లోనే సార్," అంది దేవసేన, "ఊత్తుకోట స్కూల్లో ప్రశ్నపత్రం అమ్ముకున్న టీచరని రోజంతా నా ఫొటో వేసి నిలదీసినారు, అది నేను కాదని ఎంక్వయిరీలో తేలిన సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు."