వక్కకి నీళ్లు, మిరియానికి దాహం

"ఈ చెట్టుకి నీళ్లెవరు పెట్టారు?"

పెళ్లిచూపులకొచ్చిన పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఇద్దరూ కాస్త మాట్లాడుకు రండని పెద్దవాళ్లు వాళ్లని తోటలోకి పంపి ఎంతోసేపు కాలేదు.

"నేనే, ఇందాక పొద్దున," అన్నాడు గజానన కొంచెం గర్వంగా.

"ఏప్రిల్లోనా?"

"ఏప్రిల్లో కాక వానాకాలంలో పెడతారా? ఎండలు చూస్తున్నారుగా."

శాల్మల కిందికి వంగి, వక్క చెట్టుని అల్లుకున్న మిరియాల తీగ మొదట్లో వేలు గుచ్చింది. వేలంతా బురద. "మిరియానికి ఇప్పుడు దాహం వెయ్యాలండీ. బాగా నోరెండితేనే తొలకరి పడగానే కంకి వేస్తుంది. ఇలా తాగించి కూర్చోబెడితే ఆకులేసుకుంటూ కులాసాగా ఉంటుంది. కాయ మాత్రం వెయ్యదు."

వచ్చిన పిల్ల దగ్గర తోట ఊసెత్తొద్దని గజాననకి వాళ్లమ్మ, అదే ఆయి, నిన్నటి నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. వక్కతోట పేరు వింటే చాలు, సిర్సి చుట్టుపక్కల ఆడపిల్లలు బెంగళూరు బస్సు ఎక్కేస్తున్నారు. సినిమాల గురించి మాట్లాడరా, ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చిందని చెప్పరా అంది. అతను బుద్ధిగా తలూపాడు కూడా. కానీ తన వక్కచెట్లకి పెట్టిన నీళ్లకి వంక పెడితే ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

"మరి వక్క గతేంటి? ఈ ఎండల్లో అదను తప్పితే పిందెలన్నీ రాల్చేస్తుంది. అసలు ఇల్లు దానిది. మీ తీగ అద్దెకొచ్చింది."

"అద్దెకొచ్చినవాళ్ల మంచం కింద చెరువు తవ్వుతారా?"

"వక్కకి నెత్తిన ఎండ కావాలి. కాళ్ల దగ్గర తడి కావాలి."

"మిరియానికి నెత్తిన నీడ కావాలి. ఆ నీడ చెట్టే ఇస్తోందిగా. పైన వాళ్లిద్దరికీ ఏ పేచీ లేదు. పేచీ అంతా కాళ్ల దగ్గర, మీరు పెట్టిందే."

గొంతులు పెరిగాయి. ఎగువన వరండాలో కూర్చున్న గజానన అన్న నరహరి ఆ కేకలు విని, నోట్లో తాంబూలం ఓ బుగ్గకి సర్దుకున్నాడు.

"ఆయీ, ఈ సంబంధం కూడా అయిపోయింది. కషాయం చల్లారకముందే తాగెయ్యండి భట్టుగారూ."

శాల్మల తండ్రి మంజునాథ భట్టు మాత్రం ఏమీ పట్టనట్టు, తోట వైపు చెవి ఒగ్గి పూతరేకులాంటి తొడెదేవు కొరుక్కుంటున్నాడు.

కింద శాల్మల పట్టుచీర కుచ్చెళ్లు ఎగదోపుకుని పక్క చెట్టు దగ్గరకెళ్లింది. ఆ తీగ ఆకులు పసుపు పచ్చగా వేలాడుతున్నాయి. వక్కచీలికతో మొదలు గీకి చూపించింది. లోపల నల్లగా, మెత్తగా, కుళ్లు వాసన.

గజానన వంగి ఆ మొదలు తడిమాడు. తోట మొత్తంలో ఏటా ఎక్కువ కాసే తీగ అది. "ఎండకి వాడిందనుకున్నానండీ," అన్నాడు నెమ్మదిగా. "పాపమని దీనికి ఇంకో రెండు బిందెలు ఎక్కువే పోశాను."

ఇక ఎగతాళి చేస్తుందనుకున్నాడు. ఆమె చెయ్యలేదు. "మా తోటలోనూ ఇలా కొన్ని పోయాయి. తర్వాత తీగల కోసమని నీళ్లు ఆపేశాం. అప్పుడు వక్క ఎండిపోయింది. రెండూ బతికే దారి నాకూ తెలీదు. చెట్టు సంగతి మీకు తెలుసుగా, మీరు చెప్పండి."

గజానన చెట్టు చుట్టూ తిరిగాడు. తీగ ఉత్తరం పక్కన ఉంది. వక్క వేళ్లు ఎంతదూరం పాకుతాయో అతనికి తెలుసు. దక్షిణం వైపు ఎడంగా జరిగి మడమతో నేల మీద గీత గీశాడు. "నీళ్లు ఇక్కడ పెడితే? వక్క వెతుక్కుంటూ వచ్చి తాగుతుంది. తీగ దాకా తడి పోదు."

"మొదట్లో మట్టి ఎగదోస్తే అసలే పోదు," అంది శాల్మల. గీత వైపు కాసేపు చూసింది. తర్వాత అతని వైపు కూడా చూసింది.

అతను పార అందుకున్నాడు. ఆమె చేతులతోనే మట్టి ఎత్తి అదమసాగింది.

ఎంతకీ రాకపోయేసరికి ఆయి వెతుక్కుంటూ కిందికి దిగింది. పట్టుచీరతో మోచేతుల దాకా బురదలో ఉన్న పిల్లని చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓరి నీ అఘాయిత్యం కూలా, చూపులకొచ్చిన పిల్ల చేత మట్టిపని చేయిస్తావా? ఇంక నీకు ఈ జన్మలో పెళ్లి కాదురా."

అందరూ వరండాకి చేరారు. గజానన తన కాళ్లకంటిన బురదకేసి చూస్తూ నిలబడ్డాడు. నీళ్ల దగ్గర నోరు జారకుండా ఉండాల్సిందని మొదటిసారి అనిపించింది. పిల్ల వెళ్లిపోతుందనే దిగులు, ఆ కుళ్లిన తీగని చూసినప్పటి దిగులు కంటే ఎక్కువగానే ఉంది.

భట్టు కూతురి మొహం చూశాడు. ఆమె తలూపింది.

"మా అమ్మాయికి నచ్చిందమ్మా," అన్నాడు.

నరహరికి పొలమారింది. ఆయి తన చెవుల్ని తనే నమ్మలేక, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నా తల్లే, నీకెంత పెద్దమనసమ్మా. ఇంక ఆలస్యమెందుకు, వైశాఖంలోనే కానిచ్చేద్దాం. కాపురానికి ఎప్పుడు పంపుతారో మాత్రం ఇప్పుడే చెప్పండి భట్టుగారూ."

భట్టు ఇబ్బందిగా దగ్గాడు. శాల్మల చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"పంపాల్సింది మీరు అత్తయ్యా. మా ఇంట్లో వక్క చూసుకోడానికి మనిషి లేక, ఇల్లరికం అల్లుడి కోసం వచ్చాం."