నాలుగు ఫ్రెంచి ముక్కలు

“కత్తి మగది. కుర్చీ ఆడది. ఫ్రెంచిల ప్రతిదానికీ గీ తేడా ఉంటది,” అన్నాడు దశరథం పంతులు.

బీరన్నకు నవ్వొచ్చింది. “కత్తికి గూడనా, పంతులూ?”

పంతులు నవ్వలేదు. “చెప్పింది అను.”

దొర గడీకి నిప్పు పెట్టినవాళ్లలో బీరన్న ఒకడు. నైజాం పోలీసులు అతని కోసం గొర్రెల మందల్లో కూడా వెతుకుతున్నారు. కృష్ణ దాటితే బతుకుతాడు. అవతలి ఒడ్డు యూనియన్ సర్కారుది. కానీ రేవులో ప్రతి మనిషినీ ఆపి అడుగుతున్నారు.

పన్నెండేళ్లు యానాంలో గుమాస్తాగా ఉండి వచ్చిన దశరథమే దారి చెప్పాడు. యానాం ఫ్రెంచివాళ్లది. అక్కడి ఉన్ని వ్యాపారినని చెప్పి నాలుగు ఫ్రెంచి ముక్కలు మాట్లాడితే పోలీసులు జంకుతారు. ఉన్ని సంగతి కురుమ బీరన్నకు ఒకరు నేర్పనక్కర్లేదు.

చదువు పంతులు ఇంటి అటక మీద. కింద బూట్ల చప్పుడైతే ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు. అది దూరమయ్యాక మళ్లీ మొదలు.

బొంజూర్ మొస్యూ అంటే నమస్కారమండీ. మెర్సీ అంటే మీ దయ. జె స్వి ఫ్రాన్సేజ్ అంటే నేను ఫ్రెంచి మనిషిని.

అయిదోనాడు అలసటలో బీరన్న “ఫ్రాన్సే” అని ఊరుకున్నాడు. పంతులు చెంప మీద కొట్టాడు.

“చివర జ్ ఏది? తక్కినయన్ని మరిచినా ఫికర్ లేదు. గీ మాట తప్పితే మాత్రం పాణం పోతది!”

బీరన్న కళ్లు చెమర్చాయి. సొంత అన్న కూడా తన కోసం ఇంత భయపడలేదు.

ఏడోనాడు పొద్దున్నే కోటు తొడుక్కుని రేవుకు చేరాడు. పడవ సిద్ధంగా ఉంది. అవతల భార్య బక్కమ్మ ఎదురుచూస్తోంది. పోలీసు అమీను అడ్డం వచ్చాడు.

“ఎవరు నువ్వు?”

“బొంజూర్ మొస్యూ. జె స్వి ఫ్రాన్సేజ్.” ఎక్కడా తడబడలేదు.

అమీను తేరిపార చూశాడు. “జర ఇంకోపారి చెప్పు.”

బీరన్న గుండె దిటవు చేసుకుని, ఆ జ్‌ని ఇంకాస్త నొక్కి పలికాడు.

అమీను జవాన్లకు సైగ చేశాడు. సంకెళ్లు పడ్డాయి.

ఫ్రెంచిలో ఓనమాలు రాని ఆ అమీనుకు దశరథం పంతులు నేర్పిన పాఠం ఒక్కటే: “ఫ్రాన్సేజ్ అనేది ఆడది తన గురించి చెప్పుకునే మాట, మగోని నోట అది ఇనబడితే వాణ్ణి నేనే పంపిన్నని తెలుసుకో.”