బొమ్మ గుండె

"మేడమ్, బొమ్మ గుండె కొట్టుకుంటోంది!"

సేల్స్ హెడ్ కాఫీ కప్పు పక్కన పెట్టింది. బల్ల మీద వెల్లకిలా రబ్బరు బొమ్మ. దాని ఛాతీకి కంపెనీ కొత్త పట్టీ అతికించి ఉంది. పక్కనే తెర మీద ఆకుపచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది.

"కొట్టుకోనీవయ్యా, నీకేం నొప్పి? డెమో వేసి ఉంటావు."

"నేనింకా వెయ్యలేదు మేడమ్. ఇక్కడున్నది మనిద్దరమేగా!" కొత్త సేల్స్‌మన్ ఓ అడుగు వెనక్కి వేశాడు. "నాకేదో భయంగా ఉంది."

"నోర్ముయ్. ఈ ఆర్డరు పోతే మన టీమంతా ఇంటికే. కొనేవాళ్ళ ముందు మన మొహంలో అనుమానం కనబడకూడదని నేర్పానా లేదా?"

తలుపు తెరుచుకుంది. ఆసుపత్రి పెద్ద డాక్టరు, వెనకే మరో ఇద్దరు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇక ఆ నోటికి అడ్డేముంది!

"ఈ పట్టీ ఛాతీకి ఉంటే చాలు సార్. పేషెంటు ఊళ్ళో ఎక్కడున్నా గుండె మీ కళ్ళ ముందే!"

అంతలో గీత గతి తప్పింది. ఎగుడుదిగుడుగా పరుగెత్తింది. అలారం కీచుమంది. బొమ్మ మాత్రం కదలకుండా పైకప్పుకేసి చూస్తోంది.

"ఇదేమిటి?" పెద్ద డాక్టరు ముందుకు వంగాడు.

ఆవిడ తడుముకోలేదు. "గుండెపోటు సార్! మీకోసమే చూపిస్తున్నాం. ఎంత ముందుగా పసిగట్టిందో చూడండి!" అంటూ అలారం ఆపేసింది.

"అచ్చం నిజంలాగే ఉందే! ఇంకెంతసేపు?"

"అయిపోవచ్చింది సార్."

గీత చివరిసారి వణికి, తిన్నగా సాగిపోయింది. డాక్టర్లు చప్పట్లు కొట్టారు. ఆర్డరు అక్కడికక్కడే ఖాయమైంది.

వాళ్ళటు వెళ్ళగానే ఆవిడ కుర్చీలో చేరగిలబడి నవ్వింది. "చూశావా? దెయ్యమొచ్చి కూర్చున్నా సరే, సరుకు అమ్మి పంపాలి. అదీ మన పని!"

సేల్స్‌మన్ నవ్వలేదు. బొమ్మ మీది పట్టీ ఊడదీసి తిప్పితిప్పి చూస్తున్నాడు.

"మేడమ్, దీన్ని ఆన్ చెయ్యడమే మర్చిపోయాను. తెర మీది నంబరు ఈ పట్టీల పెట్టెలో ఉండాల్సిన రెండోదానిది. అదెక్కడుంది?"

ఆవిడ గబుక్కున ఫోను తీసి ఇంటి నంబరు నొక్కింది. పొద్దున ఛాతీలో మంటగా ఉందన్న భర్తకి, "ఏం కాదు, ఇది పెట్టుకుని పడుకోండి, సాయంత్రం చూద్దాం" అని ఆ రెండో పట్టీ అతికించి వచ్చింది.