మొండి గొట్టం

"పట్టు."

చర్చిలోని గొట్టాల ఆర్గన్ కడుపులోంచి నాన్న గొంతు. ఆమె మీట నొక్కి పట్టుకుంది. లోపల ఒక గొట్టం సన్నగా మూలిగింది.

"వదులు."

వదిలింది.

ఐదు రోజులుగా తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు దాదాపు ఇంతే. దాదాపు అనడం ఎందుకంటే, నిన్న "వదులు" తర్వాత "భోంచేశావా?" అని కూడా వినిపించింది. అంతకుముందు పదకొండేళ్ళు ఇదీ లేదు. అంత మంచి చెవి ఉండి కూడా ఆర్గన్లు శ్రుతి చేసే ఈ పని నాకొద్దని ఆమె బీమా ఆఫీసులో చేరిన రోజే ఆయన నోరు కట్టేసుకున్నాడు. ఇప్పుడు సహాయకుడు నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకోబట్టి కబురు పెట్టాడు. శ్రుతి చేయడానికి ఇద్దరుండాలి: లోపల ఒకరు, మీటల దగ్గర ఒకరు.

కూల్చేసిన పాత చర్చిలోంచి విప్పి తెచ్చి ఈ కొత్త చర్చిలో బిగించిన నూట ఎనభై ఏళ్ళ ఆర్గన్ అది. పన్నెండు వందల గొట్టాలు బుధవారానికే దారికొచ్చాయి, ఒక్కటి తప్ప. సాయంత్రం సరిచేస్తే తెల్లారేసరికి మళ్ళీ అపశ్రుతి. దాని తల మీది రేకు తొడుగు కాస్త జరిగినా చాలు, స్వరం తప్పుతుంది. ఆమె తిరుగు టికెట్ రెండుసార్లు మార్చుకుంది.

"చెమ్మ వల్లేమో మేస్త్రీ గారూ," అన్నారు పాస్టరు.

"చెమ్మా కాదు, ఏమీ కాదు. మొండిఘటం. మా అమ్మాయిలాగే," అన్నాడు నాన్న లోపల్నుంచి.

"మరి నాకెవరి పోలికో!" అంది ఆమె.

లోపల చిన్న దగ్గు. నవ్వొస్తే ఆయన అలాగే మింగేస్తాడు.

పాస్టరు ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "ఎల్లుండి ఆరాధన ఉందమ్మా. నాన్నగారి చెయ్యి వణుకుతున్నట్టుంది. రేపటికి కుదరకపోతే వేరేవాళ్ళని పిలవక తప్పదు. ఏమీ అనుకోకు."

ఆ వణుకు ఆమె కూడా చూసింది. ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నప్పుడు ఆయన చేతిలో కప్పు గలగలమంది. ఆ చేతి బిగింపు ఏం నిలుస్తుంది? ఈ పనీ పోతే ఆయనకు మిగిలేదేమీ లేదు. జాలేసింది. జాలిపడుతున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

ఆ సాయంత్రం గొట్టం మళ్ళీ చక్కగా పలికింది. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే ఆమె లోపలికి దూరి, తొడుగు అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసింది. తెల్లవారేలోగా ఎంత జారితే అంత, ఆయన రాకముందే తను సర్దేస్తుంది. ఎవరికీ తెలియనక్కర్లేదు.

శనివారం పొద్దున, ఊడ్చే ఆవిడ చర్చి తలుపులు తీసేసరికే ఆమె అక్కడుంది.

తొడుగు గీత మీదే ఉంది. పిసరంత కూడా జారలేదు.

అడుగుల చప్పుడైంది. ఆమె గభాలున పెద్ద గొట్టాల వెనక్కి తప్పుకుంది. నాన్న నిచ్చెన ఎక్కి వచ్చాడు. ఖాళీగా ఉన్న మీటల పీట వైపు ఒకసారి తొంగిచూసి, మొండిఘటం ముందు నిలబడి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి వణకడం లేదు.

తొడుగును గీత మీంచి వెంట్రుకవాసి పైకి జరిపాడు.