మేడమ్ తెర మీద మొదటి పేజీ

“టెక్స్ట్ ఎడిటర్ తెరవగానే ఏం కనబడాలి మేడమ్? ఖాళీ పేజీయా, నిన్న వదిలేసిందా, మీరు చెప్పిన ఫైలా?” అడిగాడు కంప్యూటర్లు బాగుచేసే అతను.

“ఈ ఫైలే,” అన్నారు పత్రిక సంపాదకురాలు. “లోపలి వ్యాసం నేను మార్చుకుంటాను. పొద్దున్నే ఇది చదివితేగానీ నా బుర్ర దారిలో పడదు. తెర నిండా పేజీయే ఉండాలి, ఇంకేమీ కనబడకూడదు.”

అతనెందుకో ముసిముసిగా నవ్వుకుంటూ అలాగే చేశాడు.

వెనకాల ప్రూఫులు పట్టుకుని నిలబడ్డ, అందరూ కత్తెర అని పిలిచే ఉద్యోగి మెడ చాచి చూశాడు. గతుక్కుమన్నాడు. అది పన్నీరు రాసిన వాన వ్యాసం!

కత్తెర పదకొండేళ్ళుగా అక్కడ సబ్ ఎడిటర్. అనవసరమైన మాట కనబడితే కత్తిరించేస్తాడని ఆ పేరు. పన్నీరు నిన్నగాక మొన్న చేరినవాడు. ప్రతి వాక్యం మీదా కాస్త పన్నీరు చల్లుతాడు మరి. నెలాఖరుకి ఈ ఇద్దరిలో ఒకరికి ఆదివారం పేజీ అప్పజెప్తారు. ఆ పేజీ కోసం కత్తెర కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాడు.

ఇక అప్పట్నుంచీ రోజూ ఏదో పని కల్పించుకుని మేడమ్ గది ముందు తచ్చాడేవాడు. రోజూ అదే పేజీ. ‘వాన అంటే ఆకాశం రాసిన ఉత్తరం.’ ఓరి వీడి ఉత్తరం తగలెయ్య! ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, అక్షరం వదలకుండా చదివాకే పని మొదలుపెట్టేవారు.

“మీలాగా మీరు రాసుకోక, వాడితో పోటీ ఏమిటండీ?” అంది భార్య.

“నాలాగా రాస్తే ఎవరిక్కావాలే? అక్కడ వాడిది వెలిగిపోతుంటే!”

ఇక లాభం లేదని కత్తెర కత్తిరించడం మానేశాడు. మురుగుకాలువ పూడిక మీద వార్త రాయమంటే, ‘కాలువ అంటే నగరం దిగమింగిన కన్నీరు’ అని మొదలుపెట్టి మూడు పేజీలు లాగించాడు. కాలువ ఏ వీధిలో ఉందో రాయడం మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున్న మేడమ్ తెర మీద వాన లేదు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా కాలువే!

కత్తెర వరండాలోకి పరిగెత్తి భార్యకు ఫోన్ చేశాడు.

“వాడిది పీకేసి నాది పెట్టారే! ఆదివారం పేజీ మనదే!”

ఎదురుగా పన్నీరు ఈలవేసుకుంటూ పోతున్నాడు. పాపం, వాడికింకా తెలియదు కాబోలు అనుకున్నాడు కత్తెర. మొదటిసారి వాడి మీద జాలి కూడా వేసింది.

లోపల్నుంచి మేడమ్ పిలుపు వచ్చింది. “కాస్త ఈ పేజీని చిన్నది చేసిపెట్టవయ్యా, నాకు చేతకావడం లేదు.”

కత్తెర వెళ్ళి మీట నొక్కగానే పేజీ చిన్నదై, వాన వ్యాసం ఉన్న రోజుల్నుంచీ దాక్కునే ఉన్న ఫైలు పేరు తెర పైన బయటపడింది: ‘ఇలా రాయకూడదు’.